టోపీ లోపలి పేరు

ఉర్దూల ‘బున్‌నా’ అని ఒకటే మాట. మగ్గం మీద చీర నేసినా బున్‌నానే, రెండు సలాయిలతోటి స్వెట్టర్ అల్లినా బున్‌నానే, నులక మంచం అల్లినా బున్‌నానే. తెలుగుల అట్ల కాదు. నేత వేరు, అల్లిక వేరు. నేతకు మగ్గం ఉంటది, సంఘం ఉంటది, సర్కారు దగ్గర లెక్క ఉంటది. అల్లిక అంటే ఇంట్ల ఆడమనిషి ఖాళీగున్నప్పుడు చేసుకునే పని అనుకుంటరు. మా ఇంట్ల రెండు భాషలూ నడుస్తయి గనుక మాటల తేడా చిన్నప్పటి సందే తెలుసు. దాని వెనక పైసల తేడా ఉందని మాత్రం అమ్మీ టోపీల లెక్క రాసుడు మొదలుపెట్టినంకనే తెలిసింది.

అమ్మీ మైకా పాలమూరు, ససురాల్ నల్లగొండ. ఆమె జహేజ్‌ల మంచం, బీరువా, రాగి సామాన్‌తోటి పాటు ఒక రేకు డబ్బా కూడా వచ్చింది. దాంట్ల నాలుగు జతల సలాయిలు, మూడు క్రోషియా సూదులు, అంచుకు లేసు అల్లిన తకియా గిలాఫ్‌లు, ఖురాన్ షరీఫ్ చుట్టిపెట్టే జుజ్‌దాన్ ఒకటి ఉండె. ఆ జమానాల రిష్తా చూడనీకి వచ్చినోళ్లు ‘బచ్చీకి హాత్ కా కామ్ ఏమొస్తది’ అని అడిగెటోళ్లు. ఆ సవాల్‌కు జవాబే ఆ డబ్బా. నిఖా అయినంక ఆ హునర్‌ గురించి ఎవ్వరూ మళ్ల అడగలేదు. అమ్మీ మాత్రం ఇడ్వలేదు. నీళ్ల గిలాసల మీద పూసల జాలీలు, టీవీ మీద గుడ్డ, చలికాలం మా అందరి నెత్తుల మీద కన్‌టోప్‌లు అన్నీ ఆమె చేతివే. ఇప్పటికీ మహల్లాల ఎవరింట్ల పిల్ల పుట్టినా చిల్లా లోపల ఒక చిన్న స్వెట్టర్ పోతది.

షాదీలల్ల, అఖీఖాలల్ల కలిసిన ఆపాలు, బెహనులు అమ్మీని అడిగే సవాళ్లు ఎప్పటికీ అవే ఉంటయి. ఆమె చెప్పే జవాబులు కూడా అవే. అవి రాసిపెడదామని ఎన్నో రోజుల సంది అనుకుంటున్న.

మొదలు ఊన్ సంగతి. దుకాణంల ‘ఊన్ ఇవ్వు’ అంటే ఇచ్చేది చాలాసార్లు ఊన్ కాదు, అక్రిలిక్. అది గొర్రె నుంచి రాదు, కార్ఖానాల పెట్రోలియం సరుకు నుంచి తయారైతది. వర్ధమాన్ లాంటి లుధియానా కంపెనీల గోలాలే మన దేశమంతా నడుస్తయి. అక్రిలిక్ అని తక్కువ చూడనవసరం లేదు. ఉతుకుడు ఆసాన్, పురుగు కొట్టదు, పసిపిల్ల మెడకు గుచ్చదు, గరీబ్‌కు అందుబాటుల ఉంటది. కాని ఇస్త్రీ పెట్టొద్దు. వేడి తాకిందంటే సాగి చచ్చువడ్తది, మళ్ల లేవదు. ఇంకొకటి, అక్రిలిక్ అంటుకుంటే కాలుకుంటనే కరిగి తోలుకు అతుక్కుంటది. చిల్లా రోజులల్ల జచ్చా మంచం పక్కన అంగీఠీ పెట్టే ఇండ్లు ఇంకా ఉన్నయి. అసుమంటి ఇంట్ల బిడ్డకు అక్రిలిక్ స్వెట్టర్ తొడిగితే నిప్పును దూరం పెట్టాలె. కొత్తగ తల్లయిన ప్రతి పిల్లకు అమ్మీ ఈ మాట రెండుసార్లు చెప్తది.

మరి మన దిక్కు గొర్రెలకు ఊన్ లేదా అంటే, ఉంది. దక్కనీ గొర్రె నల్ల ఊన్. కురుమలు దాన్ని కత్తిరిస్తరు, ఏకుతరు, వాళ్ల ఆడవాళ్లు వడుకుతరు. పడుగుకు చింతగింజల గంజి పట్టించి గొంగడి నేస్తరు. వానకూ ఎండకూ చలికీ అదొక్కటే. పాలమూరు, నల్లగొండ దిక్కు ముసలోళ్ల భుజాల మీద ఇప్పటికీ కనవడ్తది. కాని ఆ ఊన్ ముతక, నేతకే తప్ప ఒంటికి అంటుకొని ఉండే అల్లికకు పనికిరాదు. మా నానీమా ఒకసారి జిద్ పట్టి, ఆ నూలు కొనుక్కొచ్చి మా మామూకు స్వెట్టర్ అల్లిందట. మామూ రెండు రోజులు తొడిగి మూడో రోజు బకరీకి కప్పిండట. అరబ్బీల ఊన్‌ను సూఫ్ అంటరు. ముతక ఊన్ బట్ట కట్టుకొని తిరిగిన దర్వేషులకు దాన్నుంచే సూఫీ అన్న పేరొచ్చిందని చాలామంది ఆలిములు చెప్తరు. మామూ సూఫీ కాలేకపోయిండని నానీమా బతికున్నన్ని రోజులు నవ్వింది. ఇప్పుడు ఆ గొర్రెలు కూడా తగ్గినయి. మాంసం ఎక్కువొచ్చే, ఊన్ లేని నెల్లూరు జాతి మందలల్ల కలిసిపోయింది. ఊన్‌కు ధర లేనప్పుడు గొల్లకురుమలు మాత్రం ఏం చేస్తరు.

సలాయిల నంబర్ దగ్గర పిల్లలు మస్తు పరేషాన్ అయితరు. మన దేశంల నడిచేది పాత ఇంగ్లండ్ లెక్క. నంబర్ పెరిగిన కొద్దీ సలాయి సన్నమైతది. 8వ నంబర్ అంటే 4 మిల్లీమీటర్లు, 10 అంటే 3.25, 12 అంటే 2.75. అమెరికాల దానికి ఉల్టా, నంబర్ పెరిగితే మందం పెరుగుతది. వాళ్ల 10వ నంబర్ 6 మిల్లీమీటర్లు. యూట్యూబ్‌ల అమెరికా ఆపా ఎవరో 10 నంబర్ అన్నదని మన దుకాణంల 10 తెచ్చుకుంటే, పెద్దమనిషి కోసం మొదలుపెట్టిన స్వెట్టర్ బచ్చాకు సరిపోతది. నంబర్ ఇడిచి మిల్లీమీటర్లు చూడాలె. అమ్మీ డబ్బాల ఒక జత అసలు సలాయిలే కాదు, సైకిల్ పుల్లలు. నానాజాన్ కొనలు రాయి మీద నూరి ఇచ్చిండట. సుమారు 2 మిల్లీమీటర్లు ఉంటయి. మేజోళ్లకు, సన్న అంచులకు వాటిని మించినవి లేవంటది అమ్మీ.

ఎంత ఊన్ కావాలె? పసిపిల్ల స్వెట్టర్‌కు 150 నుంచి 200 గ్రాములు, పెద్దమనిషికి 400 నుంచి 600. ఫుల్ చేతులా, హాఫ్ చేతులా, ఊన్ మందం ఎంత అన్నదాన్ని బట్టి మారుతది. అన్నిటికంటే ముఖ్యం, మొత్తం ఒకటేసారి కొనాలె. గోలా చుట్టూ ఉన్న కాగితం మీద లాట్ నంబర్ ఉంటది. అదే రంగు, అదే కంపెనీ అయినా లాట్ మారితే చాయ మారుతది. దుకాణంల ట్యూబ్‌లైట్ కింద కనవడదు, బయట ఎండల కనవడ్తది. ఆ కాగితాన్ని పారేయకుండ డబ్బాల దాస్తది అమ్మీ.

‘నా స్వెట్టర్ అంచు చుట్టుకపోతున్నది, ఏం తప్పు చేసిన’ అని ప్రతి చలికాలం ఎవరో ఒకరు వస్తరు. తప్పు ఏం లేదు. ఒక దిక్కు అన్నీ సీధా, మరో దిక్కు అన్నీ ఉల్టా అల్లితే ఆ గుడ్డ స్వభావమే అది, చుట్టుకుంటది. అందుకే కింద నాలుగు వేళ్ల మందం ఒక సీధా ఒక ఉల్టా ఏసి బార్డర్ పెడ్తరు. ఫందా జారితే భయపడొద్దు, క్రోషియా సూది తీసుకొని నిచ్చెన ఎక్కినట్టు ఒక్కొక్క మెట్టు పైకి లాగాలె. నడుమ తెల్వకుండ బొక్క పడిందంటే దారం ఒకసారి ఎక్కువ చుట్టుకున్నట్టు. మొదటి వరుస బిగుసుకపోతుంటే దాని వరకు ఒక నంబర్ లావు సలాయి పట్టుకోవాలె. నాప్ కోసం ముందు ఒక బెత్తెడు చదరం అల్లి, 10 సెంటీమీటర్లల్ల ఎన్ని ఫందాలు వస్తున్నయో లెక్కపెట్టాలె. ఇదొక్కటి ఎవరూ చెయ్యరు. చెయ్యమని చెప్పే అమ్మీ కూడా చెయ్యదు, ఆమె చేతికి నాప్ ఉంది.

ఇంక టోపీ. షాబాన్ నెల దగ్గర పడ్తున్నదంటే స్వెట్టర్ పక్కకు పెట్టి సన్న నూలు దారం, క్రోషియా సూది పట్టుకుంటది. మధ్యల చిన్న చుట్ట, దాంట్ల 6 పొట్టి ఫందాలు. రెండో వరుసల 12, మూడో వరుసల 18. పొట్టి ఫందా అయితే వరుసకు 6 పెరగాలె, పొడుగు ఫందా జాలీ అయితే 12. తక్కువ పెంచితే గిన్నె లెక్క లోపలికి ముడుచుకుంటది, ఎక్కువ పెంచితే అంచు అలలు అలలు లేస్తది. పళ్లెం లెక్క సాఫ్‌గ పరుచుకుంటే సరైనట్టు. తల చుట్టు కొలత 56 సెంటీమీటర్లయితే పైన పళ్లెం అడ్డం కొలత దాదాపు 17.5 కావాలె. చుట్టు కొలతను మూడుతోటి భాగించి వేలెడు తగ్గించు అంటది అమ్మీ. లెక్కలు చదివిన మా తమ్ముడు అదే లెక్క కాగితం మీద చేసి చూపిస్తే, ‘నేనూ అదే చెప్పిన గద బేటా’ అన్నది. పళ్లెం అయినంక పెంచుడు ఆపి నిలువు గోడ అల్లాలె. సజ్దాల జారకుండ ఉండాలంటే చివరి రెండు వరుసలు కొంచెం బిగువు.

పాత స్వెట్టర్ ఉధేడ్‌నా కూడా పెద్ద పని. పిల్లలు ఎదిగితే అమ్మీ స్వెట్టర్ పారేయదు, కుట్లు విప్పి, దారం లాగి కుర్సీ వీపుకు చుట్టి, నాలుగు జాగలల్ల వదులుగ కట్టి, గోరువెచ్చని నీళ్లల్ల ముంచి, కింద చిన్న బరువు కట్టి నీడల ఆరేస్తది. తెల్లారేసరికి వంకరలన్నీ పోతయి. మా అన్న స్వెట్టర్ నాదైంది, నాది తమ్మునిదైంది, తమ్మునిది ఇప్పుడు మా ఇంట్ల కుర్సీ గద్దె. సూరా నహల్ 92వ ఆయత్‌ల గట్టిగ వడికిన నూలును తానే తెంపి పోగులు చేసుకున్న ఔరత్ మిసాల్ ఉంది. ఖసమ్ తప్పేటోళ్ల గురించి అది. అమ్మీ ఉధేడ్‌నా కూర్చున్నప్పుడల్లా మా ఫూఫీ ఆ ఆయత్ యాద్ చేసి ఛేడాయిస్తది. ‘ఆమె తెంపింది, నేను విప్పుతున్న, ఫరఖ్ చూడు’ అని అమ్మీ జవాబు.

రెండేండ్ల కింద రమజాన్ ముందు అమ్మీ కంటికి మోతియాబింద్ అని తేలింది. ఆపరేషన్‌కు ముందు ఒప్పుకున్న టోపీలు పూర్తి చెయ్యాలని కూర్చున్నది. నేను పక్కన కూర్చొని గడియారం చూసి రాసిన. ఒక జాలీ టోపీకి తొమ్మిది గంటలు. దుకాణం ఇచ్చేది 90 రూపాయలు. దారం 25 పోను 65 మిగుల్తయి. గంటకు ఏడు రూపాయల చిల్లర. ఆ దుకాణం పేరు రాయను, అటువంటివి ప్రతి పట్నంల ఉన్నయి. అదే టోపీ ప్లాస్టిక్ కవర్ల ఏసి, దుకాణం పేరు ఛాపిన స్టిక్కర్ అతికించి 250కి అమ్ముతున్నరు. మా మరిది సాబ్ ఒకటి కొనుక్కొచ్చి ‘భాభీ, ఎంత మంచిగుంది చూడు’ అని అమ్మీకే చూపించిండు. ఆమె తిప్పి చూసి, ‘గోడ రెండో వరుసల ఒక ఫందా ఎక్కువుంది, నాదే’ అన్నది.

ఇది మా ఒక్క ఇంటి కహానీ కాదు. పశ్చిమ గోదావరిల నర్సాపురం ఉంది. క్రోషియా లేసుకు ప్రపంచమంతా పేరు. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు అక్కడి లేసు ఆడవాళ్ల గురించి 1982ల ఒక పుస్తకమే తెచ్చింది. ఆమె చెప్పింది సీదా మాట. ఈ ఆడవాళ్లు దేశదేశాల బజార్ కోసం రోజూ గంటలు గంటలు పని చేస్తున్నరు, కాని వాళ్లను కారీగర్ అనరు, ఇల్లాలు అంటరు. ఇల్లాలు అన్నరు గనుక అది పని కాదు, ఫుర్సత్. ఫుర్సత్ గనుక ఉజ్రత్ అడగొద్దు. ఆ పుస్తకం గురించి తెలిసిన రోజు నేను అమ్మీ డబ్బా తెరిచి చూసిన. నర్సాపురం క్రోషియా లేసుకు 2024ల జీఐ గుర్తింపు వచ్చింది. సంతోషమే. ఆ ముద్ర ఊరికి వచ్చింది, అల్లిన చేతికి ఎంత చేరుతదో ఊరికే అడుగుతున్న.

జీఐ అంటే మనకు కొత్తేం కాదు. 1999ల చట్టం చేసిన్రు, 2003ల అమలుకొచ్చింది. మన పోచంపల్లి ఇక్కత్‌కు మొదట్లనే వచ్చింది. 2010ల గద్వాల చీరకు, 2012ల నారాయణపేట చీరకు, 2020ల పుట్టపాక తేలియా రుమాల్‌కు. ఉమ్మడి నల్లగొండ, ఉమ్మడి పాలమూరు కలిపి ఇన్ని ముద్రలున్న జాగ దేశంల తక్కువ. తేలియా రుమాల్ పేరు చూడండి, మన తేల్ నుంచే వచ్చింది. నూలును నూనెల, ఆముదం కాయల బూడిద నీళ్లల్ల రోజుల తరబడి నానబెట్టి పిసికి, అప్పుడు రంగులేస్తరు. ఆ రుమాళ్లు ఒక జమానాల అరబ్ దేశాలకు పోయినయి, అక్కడి మగవాళ్ల నెత్తుల మీద చుట్టుకున్నరు. కట్టుకున్నోనికి పుట్టపాక ఎక్కడుందో తెల్వకపోవచ్చు. ఇప్పుడు ముద్ర వచ్చినంక ఊరి పేరు తెలుస్తది. చేనేత బట్టకు 2006 నుంచి హ్యాండ్లూమ్ మార్క్ కూడ ఉంది. అది మగ్గం మీద చేతితోటి నేసిందని చెప్తది. సలాయిలతోటి అల్లినదానికి ఆ మార్క్ వర్తించదు. చలికాలం టిబెటన్ల దుకాణాలల్ల దొరికే స్వెట్టర్ చేతిదనుకొని కొనేటోళ్లు చాలామంది, అవి ఎక్కువ శాతం లుధియానా మిషన్లవే. వాళ్లు అబద్ధం చెప్తలేరు, మనమే అడుగుతలేం.

ఈ ముద్రలన్నిట్ల నాకు ఎక్కువ నచ్చింది ముద్రే కాదు, ఒక మిషన్ పేరు. నల్లగొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరిల ఆలేరు దగ్గర శారాజిపేట. అక్కడి చింతకింది మల్లేశం ఆరో తరగతితోటి బడి ఇడిచిండు. వాళ్లమ్మ ఆసు పోసేది. ఆసు అంటే ఇక్కత్ చీర కోసం పోగును మేకుల చుట్టూ తిప్పుడు. ఒక చీరకు చెయ్యి 9 వేల సార్లు అటు ఇటు పోవాలె, రోజుకు రెండు చీరలు పోస్తే 18 వేలు. భుజం పడిపోతది. చీర మీద ఆ భుజం పేరు ఎక్కడా ఉండదు. నేసినాయనకు అవార్డు వస్తది, ఆసు పోసినామెకు నొప్పి. మల్లేశం ఏండ్లు కష్టపడి 1999ల మిషన్ చేసిండు, నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. 2017ల పద్మశ్రీ ఇచ్చిన్రు, 2019ల సినిమా వచ్చింది. అవన్నీ అందరికీ తెలుసు. నాకు యాదుండేది ఆ మిషన్‌కు ఆయన పెట్టిన పేరు, లక్ష్మీ ఆసు యంత్రం. లక్ష్మి ఆయన తల్లి. నేను చూసిన లేబుళ్లల్ల అంత ఇజ్జత్ ఉన్న లేబుల్ ఇంకోటి లేదు.

ఆ పేరు చూసినంకనే అమ్మీ టోపీలకు లేబుల్ కుట్టాలని అనుకున్న. నేసిన లేబుళ్లు అడిగితే వందల లెక్కన ఆర్డర్ ఇస్తేనే చేస్తమన్నరు. సాటిన్ రిబ్బన్ మీద ఛాపినవి సస్తా, కాని కొన్ని ఉతుకులకు అక్షరం పోతది, చెమటకు గుచ్చుతది. ఆఖరికి తెల్ల కాటన్ పట్టీ గజాల లెక్క కొన్న, గుడ్డ మీద నిలిచే సియాహీ పెన్ను తెచ్చిన. రాసినంక ఇస్త్రీ పెట్టి రంగును గట్టి చెయ్యాలె, పట్టీ కాటన్ గనుక ఇస్త్రీ పెట్టొచ్చు. ఆ తర్వాతనే కుట్టాలె. కుట్టేటప్పుడు నాలుగు దిక్కులా కుట్టొద్దు. అల్లిన గుడ్డ సాగుతది, పట్టీ సాగదు, అంతా కుట్టేస్తే అక్కడ ముడత పడ్తది. రెండు చివరలు మాత్రం కుట్టాలె. స్వెట్టర్‌కు మెడ వెనక లోపల, టోపీకి గోడ లోపలి దిక్కు, నుదురుకు తాకకుండ వెనక భాగంల. పట్టీ మీద ఏం రాయాలె? దేనితోటి చేసిందో, ఎట్ల ఉతకాలో, నాప్ ఎంతో, ఏ ఊరో. ఇంతవరకు ఎవరికీ అభ్యంతరం లేదు.

పేరు రాస్త అన్న. అమ్మీ సూది కింద పెట్టింది. ‘మర్దోంకే సర్ పే మేరా నామ్? తౌబా! నక్కో బేటా.’ పరాయి మగవాళ్లు మసీదుల టోపీ విప్పి పక్కన పెడ్తరు, అందరూ చూస్తరు, ఆడమనిషి పేరు బజార్ల పడ్తది. ఫూఫీ ఆమె దిక్కే మాట్లాడింది. ఖాలా మాత్రం నా దిక్కు. ‘హజ్రత్ ఖదీజా తిజారత్ ఆమె పేరు మీద నడవలేదా’ అన్నది. గంటసేపు బహస్ నడిచింది, చాయ్ చల్లారింది. నేను మధ్యల ఒకటి అడిగిన. అమ్మీ, నీ పేరుతోటి నిన్ను ఆఖరుసారి ఎవరు పిలిచిన్రు? ఆమె ఆలోచించింది. మహల్లాల ఆమె మా అన్న పేరు పెట్టి ఫలానా కీ అమ్మా. అబ్బా ఆమెను ‘సున్తే క్యా’ అనేది. నానీమా పోయినంక పేరుతోటి పిలిచే మనిషి లేదు. పేరు రేషన్ కార్డుల ఉంది, ఆధార్‌ల ఉంది, నిఖానామాల ఉంది. మూడిట్ల మూడు తీర్ల స్పెల్లింగ్.

ఆ రోజుకు ఏ ఫైసలా కాలేదు. పేరు లేకుండ ‘చేతి అల్లిక, నల్లగొండ’ అని మాత్రం రాసి పన్నెండు టోపీలు దుకాణానికి పంపిన. రెండు రోజులకు తమ్ముడు వాపస్ తెచ్చిండు. లేబుల్ కత్తిరించి తెస్తే తీసుకుంటమన్నరట, స్టిక్కర్ వాళ్లదే ఉండాలెనట. అమ్మీ ఒక టోపీ చేతికి తీసుకొని పట్టీ దిక్కు చూసుకుంట కూర్చున్నది. కత్తెర అడుగుతదేమో అనుకున్న. ‘వాళ్లకు ఊరి పేరే బరువైందా’ అన్నది. తర్వాత, ‘అట్లయితే నా పేరు కూడా రాయి’ అన్నది.

నిఖానామాల ఉన్న తీరే రాయమన్నది. ఉర్దూల తానే కాగితం మీద రాసి ఇచ్చింది. నూన్ కింద చుక్క ముందు పెట్టి, తప్పని తెలిసి నవ్వి, మళ్ల పైన పెట్టింది. దాన్ని చూసుకుంట నేను పట్టీల మీద దిద్దిన. పక్కన తెలుగుల ఊరు, నూలు, చల్లనీళ్లల్ల ఉతుకు, నీడల ఆరేయి అని. ఆ పేరు ఇక్కడ రాయను. ఇజాజత్ టోపీ లోపలికే ఇచ్చింది.

దుకాణం బంద్ అయింది గనుక అమ్ముడు ఇప్పుడు కష్టమే. తెలిసినోళ్లకు, వాళ్లకు తెలిసినోళ్లకు పోతున్నయి. 220 చెప్తున్నం. ‘అంతనా’ అనేటోళ్లున్నరు, తొమ్మిది గంటలు అని చెప్తే కొందరు ఊకుంటరు, కొందరు మిషన్ టోపీ డజన్ లెక్క కొనుక్కుంట పోతరు. పాలమూరు నుంచి మామూ ఐదు అడిగిండు, ఊన్‌వి కాదు గద అని ఖాతరీ చేసుకున్నంకనే. ఖాలా తన జుజ్‌దాన్‌లకు కూడా పట్టీలు రాసియ్యమన్నది, ఫూఫీ ఇంకా ఆలోచిస్తున్నది.

అమ్మీ కన్ను ఆపరేషన్ ఖైరియత్‌గ అయింది. డాక్టర్ రోజుకు రెండు గంటలకంటే ఎక్కువ సన్న పని వద్దన్నడు, ఆమె నాలుగు చేస్తున్నది. ఈసారి 40 టోపీలు ఒప్పుకున్నం. 31 అయినయి. తెల్ల దారం అయిపోవస్తున్నది, ఆదివారం బేగం బజార్ పోవాలె. పాత గోలా కాగితం పర్సుల పెట్టుకున్న, అదే లాట్ దొరకాలె.